ఓకే నొక్కే వేలు

జూన్ రెండో వారం. బడులు, కాలేజీలు తెరిచే రోజులు. తెనాలిలో మా బావ ఫోటో స్టూడియోలో ఆ వారం ఎవరికీ కంటి మీద కునుకుండదు. ఆ ఏడు ఒక జూనియర్ కాలేజీ నుంచి 412 మంది పిల్లల పాస్‌పోర్ట్ ఫోటోల పని వచ్చింది. పగలంతా కాలేజీ వరండాలో నీలం గుడ్డ కట్టి తీసేశారు. రాత్రి తొమ్మిదింటికి ప్రింట్లు మొదలయ్యాయి. సెలవు మీద వెళ్లిన నేను పనేం లేక కుర్చీ లాక్కుని ఆ గదిలో కూర్చున్నాను.

స్టూడియో కుర్రాడు చేసే పని చూస్తుంటే కాసేపటికి నా వేళ్లే నొప్పెట్టాయి. ఫోటో మీద రైట్ క్లిక్. ప్రింట్. పెట్టె తెరుచుకుంటుంది. పైన ప్రింటరు పేరు ఎంచాలి. కాగితం సైజు ఎంచాలి. క్వాలిటీ ఎంచాలి. కాగితం రకం ఎంచాలి. కింద ‘ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్’ దగ్గర టిక్ తీసెయ్యాలి. అప్పుడు ప్రింట్ నొక్కాలి. మళ్లీ తర్వాతి ఫోటో, మళ్లీ మొదటి నుంచీ. గోడ గడియారం చూసి లెక్కేశాను. షీటుకి 20 సెకన్లు. 412 షీట్లకి 8,240 సెకన్లు. అంటే రెండుంబావు గంటల పైచిలుకు కేవలం నొక్కుడికే పోతాయి. అదీ కుర్రాడు టీకి లేవకుండా ఉంటే.

నూట ముప్పయ్యో షీటు దగ్గర అతను ఆ టిక్ తీయడం మరిచిపోయాడు. మరిచిపోకుండా ఎలా ఉంటాడు? ఆ టిక్ ఉంటే ఫ్రేము నిండేదాకా ఫోటోని పెంచి, మిగిలింది కత్తిరించేస్తుంది. వరసగా అయిదు షీట్లలో పిల్లల నడినెత్తులు ఎగిరిపోయాయి. బావ కేకలు వేశాడు. కుర్రాడు కళ్లు నులుముకుని, “సారీ అన్నా, చూసుకోలేదు,” అన్నాడు.

చూసుకోలేదన్నది నిజం. కానీ నాకు తప్పు మరోచోట కనిపించింది. 412 సార్లూ జవాబు ఒకటేనని తెలిసి, 412 సార్లు ప్రశ్న ఎందుకు అడిగించుకుంటున్నాం?

ఈ అధ్యాయం ఆ ప్రశ్న గురించే. ప్రింటర్లతో మీకు పనిలేకపోతే ప్రింటరు అన్నచోటల్లా మీ రోజువారీ పని పేరు పెట్టుకుని చదవండి. ఫోటో స్టూడియో, మీసేవ, జిరాక్స్ షాపు, పెళ్లిళ్లలో అక్కడికక్కడే ఫోటో తీసి ఇచ్చే స్టాలు లాంటివి నడిపేవాళ్లు మాత్రం పెన్సిలు చేతిలో పెట్టుకుని చదవండి.

ప్రింట్ నొక్కగానే తెరుచుకునే ఆ పెట్టె, అంటే డైలాగ్ బాక్స్, కంప్యూటరు మనల్ని అడిగే ప్రశ్న. అడగడం మర్యాదే. కానీ మన పాలబ్బాయిని చూడండి. రోజూ తెల్లారి తలుపు కొట్టి “ఎన్ని ప్యాకెట్లండీ? వెన్న తీసినవా, తీయనివా?” అని అడగడు. నెల మొదట్లో ఒకసారి చెప్పాం, గుమ్మానికి సంచీ తగిలించాం, అంతే. వద్దన్న రోజు మాత్రమే మనం మాట్లాడతాం. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఊరెళ్తూ అతనికి చెప్పడం మరిచిపోయామనుకోండి, తిరిగొచ్చేసరికి నాలుగు రోజుల పాలు సంచీలో విరిగి కంపుకొడుతుంటాయి. అడగనివాడు ఆగడు కూడా. డైలాగ్ తీసేయాలనుకునేవాళ్లు ఆ సంచీని గుర్తు పెట్టుకుంటే చాలు, మిగతాదంతా పనితనం.

అందుకే ముందు కంప్యూటరు ముట్టుకోవద్దు. కాగితం తీసుకోండి. మీ ప్రింటింగ్ పెట్టె అడిగే ప్రశ్నలన్నీ వరసగా రాయండి. ఏ ప్రింటరు? ఏ సైజు కాగితం? మెరుపుదా, మామూలుదా? క్వాలిటీ ఎంత? అంచు వదలాలా? నిలువా, అడ్డమా? ఎన్ని కాపీలు? ఫోటో కాగితంలో సరిగ్గా పట్టకపోతే కత్తిరించాలా, కుదించాలా? మా బావకి ఈ కాగితం ఇచ్చి జవాబులు రాయమంటే మొదట నవ్వాడు. చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. “అది ఫోటోని బట్టి ఉంటుంది,” అన్నాడు. ‘బట్టి ఉంటుంది’ అనే జవాబు ఎక్కడ వచ్చినా దాని చుట్టూ గుండ్రంగా గీత గీయండి. ఆ ఒక్కచోట మనిషి కావాలి, లేదంటే ఆ తేడా రాకుండా ఫోటోల్ని ముందే ఒక కొలతకి తెచ్చి ఉంచాలి. మేం రెండోది ఎంచుకున్నాం. ఫోటోషాప్‌లో ఎడిటింగ్ అయిపోగానే ప్రతి ముఖాన్నీ 35 బై 45 మిల్లీమీటర్లకి కత్తిరించి, 300 డీపీఐతో దాచే యాక్షన్ ఒకటి చేసుకున్నాం. 300 డీపీఐలో ఆ కొలత 413 బై 531 పిక్సెళ్లు. ఇక ఆ పెట్టెకి బదులు ప్రింటు పని చూసుకునేలా మేం రాయబోయే చిన్న స్క్రిప్టు చేతికి వచ్చేవన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి.

మిగిలిన ప్రశ్నల్ని రెండు కుప్పలు చేయాలి. చాలామంది ఈ కుప్పలు కలిపేసి నెలల తరబడి తంటాలు పడతారు. కాగితం రకం, క్వాలిటీ, అంచు లేకుండా వేయడం, ఈ మూడూ ప్రింటరు డ్రైవరు చూసుకునే విషయాలు. ఒక్కో కంపెనీ వాటిని ఒక్కో తీరున దాచుకుంటుంది. స్క్రిప్టు నుంచి వాటిని మార్చబోవడం తాళంచెవి లేని బీరువాతో కుస్తీ పట్టడమే. ఫోటో కాగితం మీద ఎక్కడ పడాలి, ఎంత సైజులో పడాలి, ఎన్ని కాపీలు, ఇవి స్క్రిప్టు చూసుకునేవి.

మొదటి కుప్పకి ఒక చిట్కా ఉంది. నాకు తెలిసిన ప్రింటింగ్ చిట్కాలన్నిట్లో ఇదే గొప్పది, దీనికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. ఒకే ప్రింటరుని విండోస్‌లో రెండు పేర్లతో పెట్టుకోండి. యాడ్ ప్రింటర్‌లోకి వెళ్లి, ఇప్పటికే ఉన్న పోర్టునీ అదే డ్రైవరునీ ఎంచి, పేరు మాత్రం కొత్తది ఇవ్వండి. బల్ల మీద యంత్రం ఒకటే, జాబితాలో మాత్రం రెండు. ఒకదానికి ‘పాస్‌పోర్ట్ షీటు’ అని పేరు పెట్టి, ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో 4 బై 6 అంగుళాలు, గ్లాసీ, హై క్వాలిటీ, అంచు ఉంచి అని ఒకసారి నిర్ణయించండి. రెండోదానికి ‘ఎ4 మామూలు’ అని పెట్టి దాని లెక్కలు దానికివ్వండి. ఇక స్క్రిప్టు పేరు పిలిస్తే చాలు, ఆ పేరుతో పాటు జవాబులన్నీ వెంట వస్తాయి. ఇక్కడొక జాగ్రత్త. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో పెట్టినవి ఆ యూజరుకే వర్తిస్తాయి. అందరికీ వర్తించాలంటే ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ అనే ట్యాబ్ కింద ప్రింటింగ్ డిఫాల్ట్స్‌లో పెట్టాలి. స్క్రిప్టు వేరే యూజరు పేరు మీద నడిచేటట్టుంటే ఈ తేడా తెలియక బోలెడు కాగితం పోతుంది.

ఇప్పుడు స్క్రిప్టు. ఎవరికైనా ముందు తట్టేది, విండోస్ రైట్ క్లిక్‌లో ఉన్న ప్రింట్‌నే స్క్రిప్టుతో పిలవడం. వర్డ్ ఫైళ్లకి అది బాగానే పనిచేస్తుంది. ఫోటోలకి మాత్రం అదే పెట్టె మళ్లీ తెరుచుకుంటుంది. కాబట్టి ఆ దారి వదిలేయండి. పాత పెయింట్ ప్రోగ్రాముకి ‘స్లాష్ పీటీ’ అని తగిలించి ఫోటో పేరు, ప్రింటరు పేరు ఇస్తే మాటా పలుకూ లేకుండా ప్రింటు తీస్తుంది. ఒకటీ అరా ఫోటోలకి ఫరవాలేదు. పేజ్ సెటప్ ముందే సరిచేసి ఉంచకపోతే మాత్రం పెద్ద ఫోటో నాలుగు పేజీల మీదికి పాకుతుంది. ఇర్ఫాన్‌వ్యూ మరీ హాయి. బోస్నియాలో పుట్టి వియన్నాలో చదువుకున్న ఇర్ఫాన్ ష్కిల్యాన్ అనే ఆయన ఒక్కడే 1996 నుంచీ నడుపుతున్న ప్రోగ్రాము అది. ‘స్లాష్ ప్రింట్ ఈక్వల్స్’ అని పెట్టి ప్రింటరు పేరు రాస్తే, అంతకు ముందు మీరు దాచుకున్న సెట్టింగులతో ఫోటో వెళ్లిపోతుంది. అయితే అది వ్యాపారం కాని వాడకానికే ఉచితం. దుకాణంలో వాడితే లైసెన్సు కొనాలి. ఊళ్లో సగం స్టూడియోల్లో అది ఉంటుంది, కొన్నవాళ్లు ఎందరో మీకే తెలుసు. ఒక్కడు ఇన్నేళ్లు కష్టపడి చేసినదానికి ఆ కాస్త డబ్బు ఇచ్చెయ్యండి. ఫోటోషాప్ చేతిలో ఉన్నవాళ్లకి ‘ప్రింట్ వన్ కాపీ’ ఉంది. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, పీ నాలుగూ కలిపి నొక్కితే పెట్టె రాదు.

లినక్స్, మ్యాక్ వాడేవాళ్లకి ఈ గొడవే లేదు. అక్కడ ప్రింటింగ్ చూసుకునేది కప్స్ అనే వ్యవస్థ. ‘ఎల్పీ’ అని కొట్టి, ప్రింటరు పేరు, కాపీల సంఖ్య, ఫైలు పేరు ఇస్తే పని అయిపోతుంది. అది ప్రశ్నలు అడగడం నేర్చుకోనేలేదు.

మేం ఇవేవీ ఎంచుకోలేదు. కారణం ఒకటే. మాకు ఒక షీటు మీద ఒకే ముఖం ఎనిమిదిసార్లు కావాలి, కొలత మిల్లీమీటరు తప్పకూడదు. అందుకని విండోస్‌తో పాటే వచ్చే పవర్‌షెల్ తీసుకున్నాం. అందులో ‘ప్రింట్ డాక్యుమెంట్’ అనే వస్తువు ఉంది. దానికి ప్రింటరు పేరు, కాగితం సైజు ఇస్తాం, పేజీ వచ్చినప్పుడు ఏం గీయాలో చెబుతాం, ప్రింట్ అంటాం. పెట్టె రాదు. అయితే ‘ప్రింటింగ్, పేజ్ 1’ అంటూ చిన్న కిటికీ ఒకటి మెరిసి మాయమవుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, పక్కన ఎవరైనా టైపు చేస్తుంటే వాళ్ల కర్సరు లాగేసుకుంటుంది. మా అక్క బిల్లు కొడుతుండగా అది పదిసార్లు అడ్డొచ్చేసరికి, “ఇది ఎవరి పని?” అని వంటింటి గొంతుతో అడిగింది. ఆ కిటికీ పోవాలంటే ప్రింట్ కంట్రోలర్ అన్నచోట ‘స్టాండర్డ్ ప్రింట్ కంట్రోలర్’ పెట్టాలి. ఒక్క లైను. ఆ లైను తెలియక నేను ఒక ఆదివారం పోగొట్టుకున్నాను.

ఇంకో చిన్న విషయం. పవర్‌షెల్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే నడవదు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. తెలియని స్క్రిప్టులు నడవకుండా విండోస్ పెట్టుకున్న కట్టడి కూడా ఒకటుంది, దాని పేరు ఎగ్జిక్యూషన్ పాలసీ. స్క్రిప్టుని పిలిచే రెండు లైన్ల బ్యాట్ ఫైలు డెస్క్‌టాప్ మీద పెట్టి, పిలిచేటప్పుడే ఆ పాలసీని బైపాస్ చేయమని అందులో రాయండి. కుర్రాడికి కనిపించేది ఆ ఒక్క బొమ్మే.

ఇక నా మొదటి రాత్రి సంగతి. స్క్రిప్టులో ప్రింటరు పేరు రాయలేదు. డిఫాల్ట్ ప్రింటరు ఫోటో ప్రింటరే కదా, ఎందుకులే అనుకున్నాను. విండోస్ 10 నుంచి ఒక సెట్టింగు ఉంది, ‘నా డిఫాల్ట్ ప్రింటరుని విండోసే చూసుకోనీ’ అని. అది ఆన్‌లో ఉంటే, చివరిగా ఏ ప్రింటరు వాడామో అదే డిఫాల్ట్ అయిపోతుంది. ఏడింటికి అక్క పక్క గదిలో లేజర్ ప్రింటరు మీద కరెంటు బిల్లు రసీదు తీసుకుంది. ఎనిమిదింటికి నేను స్క్రిప్టు నడిపి గర్వంగా భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి పక్క గదిలో నలభై ఎ4 కాగితాల మీద, పై మూలన, నలుపు తెలుపులో, ఎనిమిదేసి ముఖాలు. ఒక కాగితం ట్రే దాటి పడి, అందులోని అమ్మాయి ముఖం నేల మీద నుంచి నన్నే చూస్తోంది. తప్పు విండోస్‌ది కాదు, అక్కది అసలే కాదు. పేరు పెట్టి పిలవనిది నేను. ఆ రోజు నుంచి స్క్రిప్టు మొదట్లో ప్రింటరు పేరు రాసి, ఆ పేరుతో నిజంగా ప్రింటరు ఉందా అని అడిగే లైను కూడా పెట్టాను. లేకపోతే స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. ‘ఈజ్ వ్యాలిడ్’ అని అడిగితే అవునో కాదో చెబుతుంది.

తర్వాత కొలతల కథ. ఈ భాగం కాస్త నెమ్మదిగా చదవండి, డబ్బు పోయేది ఇక్కడే. 4 బై 6 షీటు అంటే 101.6 బై 152.4 మిల్లీమీటర్లు. షీటుని అడ్డంగా పెడితే 35 మిల్లీమీటర్ల ఫోటోలు వరసకి నాలుగు, అంటే 140. పై వరస, కింది వరస కలిపి 45 రెండుసార్లు, అంటే 90. ఎనిమిది ఫోటోలు పడతాయి, పొడవునా 12.4, ఎత్తున 11.6 మిల్లీమీటర్లు మిగులుతాయి. లెక్క ప్రకారం పొడవునా ఉన్న 12.4ని అయిదు ఖాళీలకి సమానంగా పంచాను. ఒక్కోదానికి దాదాపు 2.5 మిల్లీమీటర్లు. కాగితం మీద చక్కగా ఉంది. ప్రింటు తీస్తే కుడి చివరి ఫోటోకి చెవి సన్నగా తెగింది. ఎందుకంటే అంచు ఉంచి వేసేటప్పుడు మా ఇంకు ట్యాంకు ప్రింటరు చుట్టూ 3 మిల్లీమీటర్ల మేర ఇంకు వెయ్యదు. నేను వదిలింది రెండున్నర. సమానంగా పంచడం న్యాయమే గానీ ప్రింటరుకి న్యాయం తెలియదు. అంచుల్లో 3.5, మధ్య మూడు ఖాళీల్లో 1.8 చొప్పున పెట్టాను. మూడున్నర రెండు, ముప్పై అయిదు నాలుగు, ఒకటి పాయింట్ ఎనిమిది మూడు, కలిపి చూసుకోండి, సరిగ్గా 152.4.

అప్పుడూ కుడి చెవి తెగింది. దీనికి ఇంకో కారణమూ ఉంది. ప్రింట్ డాక్యుమెంట్ లెక్కలో సున్నా, సున్నా అంటే కాగితం మూల కాదు, ఇంకు పడగలిగే చోటు మూల. అంటే అప్పటికే 3 మిల్లీమీటర్లు లోపలికి జరిగి ఉంది. నా లెక్కంతా కాగితం మూల నుంచి వేసినది కాబట్టి మొత్తం షీటు కుడికీ కిందికీ జరిగిపోయింది. హార్డ్ మార్జిన్ ఎక్స్, హార్డ్ మార్జిన్ వై అని రెండు విలువలు ప్రింటరే చెబుతుంది. ప్రతి ఫోటో పెట్టే చోటు నుంచి వాటిని తీసివేస్తే సరి. కొలతలన్నీ అంగుళంలో నూరో వంతుల్లో ఇవ్వాలన్నది కూడా గుర్తుంచుకోండి. 35 మిల్లీమీటర్లు అంటే 137.8, 45 అంటే 177.2. కాగితం 400 బై 600.

అంచు లేకుండా వేస్తే ఈ గొడవ ఉండదు కదా అని బావ అడిగాడు. ఉండదు, ఇంకోటి ఉంటుంది. అంచు లేకుండా వేయడానికి డ్రైవరు ఫోటోని కొంచెం పెంచి, కాగితం బయటికి పొంగేలా చేస్తుంది. ఆ పెంపులో 35 కాస్తా 36కి దగ్గర పడుతుంది. పెళ్లి ఫోటోకి పట్టింపు లేదు. స్కేలు పెట్టి కొలిచే కౌంటర్లో తిప్పి పంపిస్తారు.

అమెరికా వీసా ఫోటోలు మా దగ్గర ఎక్కువే. ఊళ్లో ఇంటికొకరు అక్కడున్నారు, వాళ్ల అమ్మానాన్నలు వెళ్లొస్తుంటారు. అవి 2 అంగుళాల చదరం. 4 బై 6 షీటులో సరిగ్గా ఆరు పడతాయి, అదే చిక్కు. రెండు రెళ్లు నాలుగు, మూడు రెళ్లు ఆరు, కత్తెర పెట్టడానికి వెంట్రుకవాసి కూడా మిగలదు. మేం షీటుకి రెండే వేస్తాం, చుట్టూ సన్నటి బూడిదరంగు గీత గీసి. కాగితం దండగే. ఒక పెద్దాయన గుంటూరు నుంచి మళ్లీ బస్సెక్కి రావడం కంటే తక్కువ దండగ.

ముఖాలు పక్కకి పడుకునే జబ్బు గురించి రెండు మాటలు. ఫోనుతో నిలువుగా తీసిన ఫోటో చాలాసార్లు నిజానికి అడ్డంగానే దాచబడి ఉంటుంది. ‘నన్ను తిప్పి చూపించండి’ అని ఫైలు లోపల ఒక చీటీ ఉంటుంది, దాని నంబరు 274. ఫోటోలు చూపించే ప్రోగ్రాములు ఆ చీటీ చదువుతాయి. పవర్‌షెల్ చదవదు, మనమే చదివించాలి. అందులో 6 అని ఉంటే కుడికి 90 డిగ్రీలు తిప్పాలి, 8 అని ఉంటే ఎడమకి, 3 అని ఉంటే తలకిందులు. స్టూడియో కెమెరాతో తీసి, ఫోటోషాప్‌లో కత్తిరించిన ఫోటోలకి ఈ బెడద రాదు. వాట్సాప్‌లో పంపించేవాళ్ల ఫోటోలకి ఇంకో బెడద. అది ఫోటోని కుదించి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. “డాక్యుమెంట్ అంటే ఏంటండీ?” అని తిరిగి అడిగితే ఓపిగ్గా చెప్పండి, పేపర్ క్లిప్ గుర్తు నొక్కమని.

పరీక్షించేటప్పుడు కాగితం తగలెయ్యకండి. విండోస్‌లో ‘ప్రింట్ టు పీడీఎఫ్’ అనే ఉత్తుత్తి ప్రింటరు ఉంది. స్క్రిప్టుని ముందు దానికి పంపి, పీడీఎఫ్ తెరిచి కొలతలు చూసుకోవచ్చు. ఒక మెలిక ఏమిటంటే అది ‘ఎక్కడ దాచమంటారు?’ అని పెట్టె తెరుస్తుంది. ‘ప్రింట్ టు ఫైల్’ దగ్గర అవును అని పెట్టి, ఫైలు పేరు ముందే ఇచ్చేస్తే అడగదు. నేను ఆ పేరు ఇవ్వడం మరిచి, తెల్లవారుజామున దానంతటదే నడిచేలా టాస్క్ షెడ్యూలర్లో పెట్టాను. ‘యూజరు లాగిన్ అయినా కాకపోయినా నడుపు’ అని కూడా టిక్ పెట్టాను. అలా టిక్ పెడితే ఆ పని తెర లేని గదిలో జరుగుతుంది. విస్టా వచ్చినప్పటి నుంచీ విండోస్ ఏర్పాటు అదే. పొద్దున్న చూస్తే పీడీఎఫ్ లేదు, తప్పు జరిగిందన్న మాటా లేదు. తలుపూ కిటికీ లేని గదిలో ఎవరో “ఎక్కడ దాచమంటారు?” అని తెల్లారేదాకా అడుగుతూ కూర్చున్నారన్నమాట. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు డైలాగ్ విసుగు, మనిషి లేనప్పుడు అది ఉరి. ఆ తర్వాత ఫోటో ప్రింట్లని ఎప్పుడూ లాగిన్ అయి ఉన్న యూజరు మీదే నడిపించాను. కుర్రాడు బొమ్మ నొక్కితేనే నడుస్తుంది. దానివల్ల పోయిందేమీ లేదు.

ఒకేసారి 412 షీట్లు ప్రింటరు క్యూలోకి తోసెయ్యకండి. ముప్పయ్యో షీటు దగ్గర కాగితం ఇరుక్కుంటే మిగతా 382 వెనక బారులు తీరి ఉంటాయి, ఏవి అయ్యాయో ఏవి కాలేదో తెలియదు. మా స్క్రిప్టు ఒక షీటు పంపి, క్యూలో రెండు కంటే ఎక్కువ ఉంటే ఆగి, ఖాళీ అయ్యాక తర్వాతిది పంపుతుంది. ‘గెట్ ప్రింట్ జాబ్’ అని అడిగితే క్యూలో ఎన్ని ఉన్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో పవర్‌షెల్ చెబుతుంది. కాగితం అయిపోయిన సంగతి కొన్ని ప్రింటర్లు నిజాయితీగా చెబుతాయి, కొన్ని నోరు విప్పవు. అందుకని ఒక షీటు మూడు నిమిషాలు దాటి క్యూలోనే ఉంటే గట్టిగా బీప్ కొట్టమని పెట్టాం. పక్క గదిలో లైటింగు సర్దుతున్న బావకి కూడా వినిపిస్తుంది.

పంపిన ప్రతి ఫోటో ‘ఇవ్వాల్సినవి’ ఫోల్డరులోంచి ‘అయిపోయినవి’ ఫోల్డరులోకి జరగాలి. మధ్యలో కరెంటు పోయినా, మళ్లీ మొదలుపెడితే మిగిలినవే వెళ్తాయి. ఇక్కడ ఒకరోజు స్క్రిప్టు మొండికేసింది. ఫోటో ప్రింటయింది గానీ ఫోల్డరు మారలేదు, ‘వేరే ప్రోగ్రాము వాడుతోంది’ అంది. ఆ వేరే ప్రోగ్రాము మన స్క్రిప్టే. ఫైలులోంచి ఫోటో తెరిచాక, పని అయ్యాక ‘డిస్పోజ్’ అని వదిలేదాకా అది ఫైలు చెయ్యి వదలదు. వదలమని ఒక మాట రాస్తే సరిపోయింది. ఎడిటింగ్ జరుగుతుండగానే ఫోల్డరు మీద కన్నేసి ఉంచే స్క్రిప్టు రాసేవాళ్లకి ఇంకో హెచ్చరిక. ఫైలు ఫోల్డరులో కనిపించగానే పూర్తయిందనుకోవద్దు. కాపీ మొదలవగానే విండోస్ ‘వచ్చింది’ అని చెప్పేస్తుంది. సగం కాపీ అయిన ఫోటో పట్టుకుంటే సగం ముఖమే వస్తుంది. వేరే పేరుతో దాచి, అంతా అయ్యాక అసలు పేరు పెట్టడం పాత పద్ధతే, ఇప్పటికీ అదే మంచిది.

డ్రైవరుతో పాటు వచ్చే స్టేటస్ మానిటర్ ‘ఇంకు తగ్గుతోంది’ అని పెట్టె తెరుస్తుంది. దాన్ని కూడా తీసెయ్యమని కుర్రాడు అడిగాడు. వద్దన్నాను. ఆ ప్రశ్నకి జవాబు రోజూ ఒకటి కాదు.

ఇప్పటికి మూడు జూన్‌లు దాటాయి. తీసేసిన పెట్టెలన్నిట్లో ఒకదాన్ని బావ మళ్లీ తెప్పించుకున్నాడు. కిందటేడు కుర్రాడు కొత్త ప్యాకెట్టు విప్పి గ్లాసీ కాగితాలు తిరగేసి పెట్టాడు. మెరుపు వైపు కిందికి, గరుకు వైపు పైకి. ఏ డ్రైవరుకీ, ఏ స్క్రిప్టుకీ అది తెలియదు. అడిగేవాళ్లు లేరు కాబట్టి ఆగేవాళ్లూ లేరు. అరవై షీట్ల మీద ముఖాలు తడిసిన గోడ మీది సున్నంలా పాకాయి. బావ ఈసారి కేకలు వెయ్యలేదు. నాకు ఫోన్ చేసి, “మొదటి షీటు దగ్గర ఒకసారి ఆపరా,” అన్నాడు.

అందుకని స్క్రిప్టు ఇప్పుడు ఒక షీటు వేసి ఆగుతుంది. నల్ల తెర మీద ఒకే లైను, ‘షీటు చూశావా?’ అని. కుర్రాడు ట్రేలోంచి దాన్ని తీసి, లైటు కిందికి వంచి చూస్తాడు, ఒక ఫోటో మీద స్కేలు పెడతాడు, వేలితో రుద్దుతాడు. బాగుంటే ఎంటర్ కొట్టి టీకి వెళ్తాడు. మిగతా 411 వాటంతటవే వస్తాయి.